పడితేనే కనిపించే పనితనం

స్కేల్ మోడల్ విమానాలు కట్టేవాళ్లది కాలక్షేపమని లోకం అనుకుంటోంది. తప్పు. వాళ్లు చేస్తున్నది గుప్తదానం.

బి-17 బాంబర్‌నే తీసుకోండి. 1/72 స్కేల్‌లో అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 44 సెంటీమీటర్లు. లోపల రేడియో ఆపరేటర్ గది, అతని బల్ల, కుర్చీ, బాంబుల రాక్‌లు, తూటాల పట్టీలు అన్నీ ఉండాల్సిందే. అసలు విమానంలో సీటు బెల్టు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే ఇక్కడ 0.7 మిల్లీమీటర్లు. దాన్ని పల్చటి ఇత్తడి రేకు నుంచి కోసి, పట్టకారుతో వంచి, ఊపిరి బిగబట్టి అంటిస్తారు. బకిల్‌కు వెండి రంగు, ఆ బకిల్ నీడకు నీళ్లలాంటి నల్లరంగు. తర్వాత ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు సగాలూ కలిపి అతికించేస్తారు. ఇక ఆ బకిల్‌ను బ్రహ్మదేవుడు కూడా చూడలేడు.

"ఎవరికీ కనపడదు కదా, ఎందుకంత శ్రమ?" అని అడిగేవాళ్లుంటారు. "ఉందని నాకు తెలుసు" అన్నది శాస్త్రసమ్మతమైన జవాబు. అయితే అతికించే ముందు ఫొటోలు తీసుకోవడం కూడా శాస్త్రమే. నాకు తెలిస్తే చాలన్నవాళ్లే అందరికంటే ఎక్కువ తీస్తారు.

ఇంత నిష్ఠగా కట్టిన బి-25 బాంబర్ ఒక్కోసారి ముందుచక్రం గాల్లోకి లేపి తోక మీద చతికిలపడుతుంది. లోపల రేడియో డయళ్లన్నీ ఉన్నాయి. ముక్కులో పెట్టాల్సిన బరువే లేదు.

బయటివాటి కథ వేరు. స్పిట్‌ఫైర్‌ యుద్ధవిమానానికి ఎడమ రెక్క కింద పిటో ట్యూబు (వేగం కొలిచే సన్నటి గొట్టం) ఉంటుంది. మోడల్‌ను ఎత్తి దించిన ప్రతిసారీ మొదట చెయ్యి తగిలేది దానికే. 'టిక్'మన్న శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, ముక్క మాత్రం జన్మలో దొరకదు. ఏంటెనా కర్రలు, తుపాకీ గొట్టాలు, చక్రాల కాళ్లదీ అదే రాత. లోపలికి చూడటానికి కాక్‌పిట్ అద్దమైనా మిగిలిందా అంటే, సూపర్ గ్లూ ఆవిరి తగిలి దానికి తెల్లటి పొర కమ్మేస్తుంది. పోటీల్లో జడ్జీలు పెన్ టార్చి వేసి తొంగిచూస్తారు, పాపం. వాళ్లకు కనపడేది ఆ పొరే.

ఆ బకిల్‌కు వెలుగు చూసే యోగం ఒక్క సందర్భంలోనే ఉంది: దుమ్ము దులిపేవాళ్ల చెయ్యి తగిలి విమానం అరలోంచి కిందపడి, అతుకు దగ్గర రెండుగా విడిపోయినప్పుడు. రెక్క ఒకవైపు, తోక ఒకవైపు, మధ్యలో చెక్కుచెదరని సీటు బెల్టు! జరిగింది ప్రమాదమని ఇంట్లోవాళ్లు భయపడతారు. నిజానికది ఆవిష్కరణ.

కాబట్టి పోటీల్లో ఇకనుంచి పడేసే విభాగం ఒకటి పెట్టాలని కోరుతున్నాను. జడ్జీల ఎదుటే మోడల్‌ను బల్ల మీంచి తోసెయ్యాలి, తర్వాతే మార్కులు వెయ్యాలి. బల్ల ఎత్తు గురించి నాకు పట్టుదల లేదు. మీటరు చాలు. 1/72 స్కేల్ లెక్కన 72 మీటర్ల పైనుంచి పడ్డట్టే.