గ్రీన్‌స్టెడ్ చర్చి 845 నాటిది కాదు

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, ఓంగర్ ఊరి పక్కన గ్రీన్‌స్టెడ్ అని ఒక చిన్న పల్లె ఉంది. అక్కడి సెయింట్ ఆండ్రూ చర్చి ఫోటోతో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ప్రపంచంలోకెల్లా పాత చెక్క కట్టడం ఇదే. క్రీ.శ. 845లో కట్టారు. పన్నెండు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. కుష్ఠురోగులు బయట నుంచే ప్రార్థన వినడానికి గోడకు కన్నం పెట్టారు." నాకు చాలా ఇష్టమైన చర్చి ఇది. దాని గురించి ఇన్ని తప్పులు ఒకేచోట చూస్తే బాధేసింది.

ముందు ఆ 845 సంగతి. అది గాల్లోంచి పుట్టింది కాదు. 1960లో దుంగల్లో కనిపించే, చెట్టుకు ఏటా ఒకటి చొప్పున పడే వలయాలు లెక్కపెట్టి వేసిన అంచనా. 1995లో మెరుగైన పద్ధతిలో మళ్లీ చూస్తే, ఆ ఓక్ చెట్లను 1063కీ 1108కీ మధ్య నరికారని తేలింది. ఒకే సంవత్సరం ఎందుకు చెప్పలేరంటే, చేవ మీద ఉండే తెల్ల చెక్క, బెరడు పోయాయి. చివరి వలయం లేకపోతే అంచనాయే దిక్కు. అంటే 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలవడానికి కాస్త ముందో, తర్వాతో కట్టిన గోడలివి.

ప్రపంచంలో పాత చెక్క కట్టడం అన్నదీ నిజం కాదు. జపాన్‌లోని హోర్యూజీ ఆలయానికి దాదాపు 1300 ఏళ్లు. నేటికీ నిలిచి ఉన్న చెక్క చర్చిల్లో పాతది గ్రీన్‌స్టెడ్ అనండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ గొప్ప చాలదా?

చెక్కుచెదరలేదు అనడం మాత్రం బాగు చేసిన వాళ్ల కష్టాన్ని చెరిపేయడమే. పాతది మధ్య భాగం గోడలే. దుంగను నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికి, చదును వైపు లోపలికి పెట్టారు. పక్కపక్క దుంగలకు గాడి తీసి, మధ్యలో సన్నటి ఓక్ బద్ద దూర్చారు, గాలీ వానా రాకుండా. లోపలి వైపు బాడిస గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ బలిపీఠం ఉన్న ఇటుక భాగం 1500 ప్రాంతంలో కట్టింది. 1848-49లో దుంగల అడుగులు కుళ్లిపోతే, ఆ మేర కోసేసి ఇటుక పునాది మీద నిలబెట్టారు. ఆ పని చేయకపోతే ఈ గోడలు మనకు దక్కేవా?

ఇక ఆ కన్నం. చాలా చిన్నది. అప్పట్లో కుష్ఠురోగుల ఆశ్రమాలకు సొంత ప్రార్థనా మందిరాలుండేవి. ఇది పవిత్ర జలం ఉంచే గూడు అయ్యుండొచ్చన్న మాటే నాకు నమ్మబుద్ధి అవుతుంది.

ఒక్క మాట మెసేజ్ వైపు కూడా చెప్పాలి. 1960 తవ్వకాల్లో ఇటుక భాగం కింద అంతకన్నా పాత చెక్క కట్టడాల ఆనవాళ్లు దొరికాయి. కాబట్టి అక్కడ ప్రార్థన 845 కన్నా ముందే మొదలై ఉండొచ్చు. ఈ గోడలు మాత్రం అప్పటివి కావు.