వారమా, నెలా?

"పోయిన ముప్పై రోజుల్లో ఇంట్లో నూనె ఎంత వాడారమ్మా?" ఇంటి ఖర్చుల సర్వేకు వచ్చిన ఉద్యోగి ఒకప్పుడు ఇలా అడిగేవారు. చేతిలో డబ్బుంటే చిన్న ప్యాకెట్టు, లేకపోతే కిరాణా కొట్టులో అరువు. అలా రోజులు నెట్టుకొచ్చే ఇల్లాలికి నెల లెక్క ఎక్కడ గుర్తుంటుంది? తోచిన అంకె చెప్పేది. వారం రోజులకే అడిగితే మరచిపోయేది తక్కువ, లెక్కలోకి వచ్చే ఖర్చు ఎక్కువ.

ఇది చిన్న విషయం కాదు, దేశంలో పేదలెందరో తేల్చేది ఈ ఖర్చు లెక్కే. 2011-12లో ఒకే సర్వేను మన దేశంలో రెండు తీరుల్లో చేశారు. ప్రపంచ బ్యాంకు తర్వాత వాడిన, తలకు రోజుకు 1.90 డాలర్ల దారిద్ర్య గీతతో చూస్తే, అన్నిటికీ నెల లెక్కన అడిగినచోట పేదలు దాదాపు 21 శాతం. నూనె, కూరగాయల వంటివాటికి వారం, బట్టలు, చదువులకు ఏడాది లెక్కన అడిగినచోట 12 శాతం. ఏ ఇంటి పొయ్యి మీదా పిడికెడు బియ్యం అదనంగా ఉడకలేదు. కోట్ల మంది మాత్రం గీత దాటారు.

2025 జూన్‌లో ఆ బ్యాంకు గీతను 2.15 నుంచి 3 డాలర్లకు మార్చింది. 2022 నాటి ప్రపంచ పేదల సంఖ్య దానితో 12.5 కోట్లు పెరిగింది. భారత్‌లో 2022-23 నాటి పేదరికం మాత్రం 5.3 శాతమే అంటోంది. ఆ 3 డాలర్లు మారకం రేటుతో కాక కొనుగోలు శక్తి లెక్కన, 2021 ధరల్లో, మనకు రోజుకు సుమారు 60 రూపాయలు. తిండి, అద్దె, మందులు, బస్సు చార్జీ అన్నీ అందులోనే. తగ్గుదల నిజమే కావచ్చు. ఇంత పలచని గీతను దాటినవారిని పేదలు కారనడం మాత్రం మాకు సమ్మతం కాదు.

పైగా ఇంటి ఖర్చును తలల సంఖ్యతో భాగిస్తారు. అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినే తల్లికీ సమాన వాటా అందినట్టే రాసుకుంటారు.

మరి మన సొంత గీత ఏది? 2011-12కు గ్రామాల్లో తలకు నెలకు 816 రూపాయలని ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ కమిటీ పద్ధతి చెప్పింది, దేశం మొత్తం మీద పేదలు 21.9 శాతమని తేలింది. ఆర్థికవేత్త సి. రంగరాజన్ కమిటీ 2014లో, ఆ 2011-12కే 972 రూపాయలంది, పేదలు 29.5 శాతమయ్యారు. ఆ నివేదికను కేంద్రం ఆమోదించలేదు, మరో గీతా గీయలేదు. 2017-18 నాటి ఇంటి ఖర్చుల సర్వేను నాణ్యత పేరుతో 2019 నవంబరులో పక్కన పడేసింది. నోట్ల రద్దు తర్వాత పేద ఇళ్లలో తిండి ఎంత తగ్గిందో చెప్పగలిగిన ప్రభుత్వ సర్వే అది. లోపాలుంటే ఉండనివ్వండి, వాటిని తేల్చే పని పరిశోధకులకు వదిలి, ఆ సమాచారాన్ని ఇప్పటికైనా పూర్తిగా విడుదల చేయాలి.