నిప్పుకోడి వద్దా, మామయ్యా?

(విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ ఇంటి అరుగు. మనవరాలి నోటుపుస్తకంలో 'నిప్పుకోడి'ని మేనమామ ఎర్రసిరాతో కొట్టేసి 'ఉష్ట్రపక్షి' అని రాశారు. మేనల్లుడు ఊరుకునే రకం కాదు.)

మేనల్లుడు: అందులో తప్పేముంది, మామయ్యా?

మేనమామ: ఏముందా? ఆ పక్షి నిప్పు తింటుందా? కందనకాయలో మేత నలగడానికి రాళ్లు మింగుతుంది, అంతే. ఉష్ట్రమంటే ఒంటె. పొడుగు మెడ, పాదానికి రెండే వేళ్లు, ఎడారి బతుకు. పారసీకులూ శుతుర్‌ముర్గ్ అన్నారు. ఆ శుతుర్ మన ఉష్ట్రానికి దాయాదే. గ్రీకులు స్త్రూథోకామెలోస్ అన్నారు, అందులో కామెలోస్ అంటే ఒంటే. 1758లో జీవులకు శాస్త్రనామాలు పెట్టిన లిన్నేయస్ కూడా శాస్త్రనామంలో ఒంటెను వదల్లేదు. ఇంతమంది చెప్పింది కాదని నీ కోడిని నమ్మాలా?

మేనల్లుడు: గ్రీకు మాటలో మొదటి సగం దాటేశారేం? స్త్రూథోస్ అంటే పిచ్చుక! వంద కిలోలు దాటే పక్షిని పిచ్చుక అన్నవాళ్లా మీ సాక్షులు?

మేనమామ: తొమ్మిది అడుగుల దాన్ని కోడి అనడం మాత్రం న్యాయమా?

(ఇది తగిలింది. మేనల్లుడు దారి మార్చాడు.)

మేనల్లుడు: దానికి ఒంటె పేరు అరువెందుకు? 41,000 ఏళ్ల నాటి దాని గూడు మన ప్రకాశం జిల్లాలోనే బయటపడిందని 2024లో పత్రికలన్నీ రాశాయి. అది మన నేలమీద తిరిగిన పక్షి.

మేనమామ: అప్పుడు తెలుగు మాట్లాడిందెవరురా? నిప్పుకోడి అన్నవాళ్లు దాన్ని కళ్లతో చూసి ఉండరు.

మేనల్లుడు: చూడకుండా పెట్టినా అది తెలుగు పేరు. నిప్పు, కోడి రెండూ పిల్లకు తెలుసు. ఎందుకా పేరని అడుగుతుంది, నిప్పులు మింగుతుందన్న పాత కథ చెబుతాం, అబద్ధమని కూడా చెబుతాం. మీ మాటకు ముందు ఉష్ట్రం విప్పాలి. తమిళులు నెరుప్పుక్కోళి అన్నారు. పోలికే కావాలనుకున్న మలయాళీలు కూడా తమ ఒట్టకాన్నే తెచ్చుకుని ఒట్టకప్పక్షి అన్నారు. మనకు ఒంటె అన్న మాట లేదా? వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలో పుట్టారు. ఆ గాలి పీలుస్తూ మీరు...

మేనమామ: ఆయన సంస్కృతం మానమనలేదు, జనం పలికేది రాయమన్నారు. కోటదాకా వెళ్లి అడుగు, ఈ రెండు మాటలూ ఎవరి నోటా రావు. ఆస్ట్రిచ్ అంటారు. అదే రాయించు మరి!

మేనల్లుడు: అందులోనూ ఆ గ్రీకు పిచ్చుకే ఉంది, మామయ్యా.

మేనమామ: గిడుగువారి సంగతి నాకు చెప్పకు. గురజాడ ఇల్లున్న ఊరు ఇది.

మేనల్లుడు: ఆయనా వాడుకభాష వైపే కదా!

మేనమామ: నేను కొట్టేసింది కొట్టేసినట్టే ఉంటుంది. కావాలంటే పక్కన నీ కోడిని రాయి. మార్కులు పోతే నన్ను అనకు.

మేనల్లుడు: మార్కులు వేసేది మీరు కాదు కదా!