తాంబూలం సంచిలో బొడ్డుతాడు కరపత్రం

మొన్న మన సంఘం సామూహిక సీమంతంలో గాజులు, చలిమిడితో పాటు తాంబూలం సంచిలోకి ఇంకోటి దూరింది: బొడ్డుతాడు, మాయ, ఉమ్మనీరు, అన్నిట్లోని మూలకణాలూ (స్టెమ్ సెల్స్, వేరే రకాల కణాలుగా మారగలిగేవి) దాచిపెడతామనే కరపత్రం. వేదిక మీద మన పెద్దలే దాన్ని ‘బిడ్డకు బీమా’ అన్నారు. మైకు మనది, మాట వ్యాపారిది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు బ్యాంకులో దాచడానికి ఒప్పుకున్నది బొడ్డుతాడు రక్తం ఒక్కటే. మాయను డబ్బు తీసుకుని దాచకూడదు. ఉమ్మనీటి మూలకణాల గురించి 2007లో అమెరికాలో ఆంథొనీ అటాలా బృందం రాసింది. ఆ నీటి కణాల్లో అవి నూటికి ఒకటి. పరిశోధనకు బంగారమే, పాపాయికి మందు మాత్రం ఇంకా కాలేదు.

పోనీ, బొడ్డుతాడు రక్తం? 1988లో పారిస్‌లో ఫాంకోనీ అనే వంశపారంపర్య రక్తహీనత ఉన్న పిల్లవాడికి ఎక్కించింది చెల్లెలి బొడ్డుతాడు రక్తం, తనది కాదు. తలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న బిడ్డ రక్తంలో ఆ జన్యులోపమే ఉంటుంది, దాచి మళ్లీ ఎక్కిస్తే ఏం లాభం? ఇంట్లో పెద్దబిడ్డకు ఆ జబ్బుంటే డాక్టరు చెప్పి దాచే రక్తం సంగతి వేరు. పైగా ఎక్కించుకునే మనిషి బరువులో కిలోకు సుమారు 2.5 కోట్ల కణాలు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 150 కోట్లు. దాచిన రక్తపు సంచులు చాలావాటిలో అన్ని ఉండవు. తాడు బిగించడానికి 1 నుంచి 3 నిమిషాలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) అంటోంది, ఆ రక్తం బిడ్డకు చేరాలని. ఆగితే సంచి నిండదు, ఆగకపోతే బిడ్డకు ఇనుము నిల్వ తగ్గుతుంది.

అమ్మమ్మలు మాయను కుక్కలు ముట్టకుండా పెరట్లో లోతుగా పాతించేవారు. ఆ పట్టింపే ఇప్పుడు వ్యాపారికి పెట్టుబడి. బెంగళూరు ఫ్లాటులో పెరడేదీ? ఆస్పత్రి మాయను పసుపురంగు సంచిలో వేసి కాల్చడానికి పంపుతుంది. (పసుపు ఒక్కటీ మిగిలింది.)

నిజానికి మాయ లోపలిపొరకు కంటి వైద్యంలో పని ఉంది. ముందే అనుకున్న సిజేరియన్‌లో తీసుకుంటారు. మామూలు కాన్పులో క్రిములు అంటుతాయి. తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేసి, పొరను యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో కడిగి, బయటిపొర నుంచి వేళ్లతో మెల్లగా ఒలిచి, నైట్రోసెల్యులోజ్ కాగితం మీద ముడత లేకుండా పరుస్తారు. సగం గ్లిసరిన్ కలిపిన పోషకద్రవంలో మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంచుతారు. సున్నం పడి కాలిన కంటికి అది కప్పు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దానిమీదే కంటి మూలకణాలను పెంచింది. తాంబూలం సున్నం పొట్లాలు పిల్లల కళ్లలో చిట్లే ఇళ్లు మనవే కదా!

కార్యవర్గానికి ఒకటే విన్నపం. ఆ కరపత్రానికి ఇచ్చిన చోటు హెచ్‌బీఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) రక్తపరీక్షకు ఇవ్వండి. 3.5 శాతం దాటితే తలసీమియా వాహకులని (తమకు జబ్బు లేకున్నా లోపాన్ని బిడ్డకు అందించగలవారని) అనుమానించాలి; ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు ఆ జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు. అదీ సీమంతంలో కాదు, ఏడో నెలకి ఆలస్యమైపోతుంది. మన పెళ్లి పరిచయ వేదికలో, జాతకాల బల్ల పక్కనే పెట్టండి.