లేతు షాపు బుర్రకి తెలుగులో పేటెంట్ ఎందుకివ్వరు?

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా మేనమామకి లేతు షాపుంది. ముప్పై ఏళ్లుగా జీడిపిక్కలు కోసే మెషీన్లే ఆయన లోకం, బ్లేడు అరిగినా, స్ప్రింగు తెగినా పలాస చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు ఆయన దగ్గరికే పరిగెత్తుకొస్తారు. ఏ రెండు పిక్కలూ ఒక్క సైజులో ఉండవు కదా, బ్లేడు కాస్త ఎక్కువ దిగిందంటే గుండు కాస్తా బద్దయిపోతుంది, ఆ గుండుకీ బద్దకీ ఉన్న రేటు తేడాలోనే ఫ్యాక్టరీ లాభమంతా ఉంటుంది. మామ రెండు సీజన్లు ఇనుప తుక్కుతో కుస్తీ పట్టి, పిక్క సైజుని బట్టి బ్లేడు దానంతటదే సర్దుకునేలా ఒక క్లాంపు కట్టాడు. ఒక డీలర్ వచ్చి చూశాడు, భలే ఉందన్నాడు, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకెళ్లాడు. మరుసటి సీజన్‌కి అదే క్లాంపు వేరే ఊరి స్టిక్కర్ వేసుకుని మన పలాసకే అమ్మకానికొచ్చింది. మామ దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఏటల్లుడూ, ఇది నాను కట్టిందే కదేటి" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

2023-24లో మన దేశంలో లక్షకు పైగా పేటెంట్లు ఇచ్చారని పేపర్లన్నీ రాశాయి, నేనూ సంతోషించాను. కానీ ఆ లక్షలో లేతు షాపు నుంచి వచ్చినవెన్ని? ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చూడండి, 2021లో విద్యాసంస్థలకి పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు, ర్యాంకింగుల్లో పేటెంట్లకి మార్కులుంటాయి, దాంతో అప్లికేషన్ల మీద అప్లికేషన్లు పడుతున్నాయి. అప్లికేషన్ పెట్టిన 18 నెలలకి అది ఎలాగూ పేటెంట్ ఆఫీసు జర్నల్లో పబ్లిష్ అవుతుంది, డబ్బు కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది, పబ్లిష్ అయిందంటే పేటెంట్ వచ్చేసిందని కాదు, అయినా గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టేస్తారు. అందులో ఎన్ని వస్తువులు బయట ఎవరి చేతిలోనైనా పనిచేస్తున్నాయో ఎవరూ అడగరు. రోజూ వంద మంది ఆడవాళ్లు నడిపే మెషీన్‌ని బాగుచేసినవాడి దగ్గర మాత్రం కాగితం ముక్క లేదు.

ఫీజు కట్టలేక అనుకుంటారేమో, కాదు. ఒక మనిషి తన పేరు మీద ఆన్‌లైన్లో అప్లికేషన్ పెడితే 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి 4,000. మామకి అది ఒక వారం పని. అసలు అడ్డు చట్టం లోపలుంది. పేటెంట్స్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) ఏమంటుందంటే, తెలిసిన పరికరాలనే అటూ ఇటూ మార్చి అమర్చితే, అవి దేని పని అది మామూలుగానే చేస్తుంటే అది ఆవిష్కరణ కాదు. స్ప్రింగు తెలిసిందే, క్లాంపు తెలిసిందే, ఇంక అక్కడే వాదన మొదలు. 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్, హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో ఇచ్చిన తీర్పు చదివితే నాకు మామే గుర్తొచ్చాడు. లేతు మీద గిన్నెలు తిప్పేటప్పుడు వాటిని బిగించి పట్టుకునే పద్ధతికి తీసుకున్న పేటెంట్ అది, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మార్పు కన్నా ఇందులో ఎక్కువేమీ లేదని కోర్టు కొట్టేసింది. అప్పటి చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ బుడితిలో ఇత్తడి కొట్టేవాడు, కాశీబుగ్గలో పిక్కల మెషీన్ కట్టేవాడు చేసేది వర్క్‌షాపు మార్పులే కదండీ, వాళ్ల తెలివంతా అక్కడే ఉంది, దాన్ని లెక్కలోకే తీసుకోకపోతే ఇంక వాళ్లకి మిగిలేదేంటి?

దానికి తోడు కొత్తదనం అనే కత్తి ఒకటి. అప్లికేషన్ పెట్టకముందే వస్తువు పదిమందికీ అమ్మేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. మన మేస్త్రి చేసి, ఫ్యాక్టరీలో బిగించి, పనిచేస్తుందని నమ్మకం కుదిరాక గానీ దాన్ని ఒక వస్తువు అనుకోడు. ఆ నమ్మకం వచ్చేసరికి చట్టం దృష్టిలో పొద్దు పోయింది. డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు కదా అని సలహా ఇస్తారు, అది రూపానికి మాత్రమే, పనిచేసే తీరుకి కాదు. డీలర్ రెండు మూలలు గుండ్రం చేసి అమ్ముకుంటే అంతే.

ఇప్పుడు నన్ను నిజంగా మండించే సంగతికొస్తా. పేటెంట్ రూల్స్ ప్రకారం అప్లికేషన్ కాగితాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగులో పెట్టడానికి వీల్లేదు. కొన్ని కోట్ల మంది మాట్లాడే భాషలో ఒక మనిషి తను కనిపెట్టిందేంటో ప్రభుత్వానికి చెప్పుకోలేడు! మా మామ తన క్లాంపు గురించి తెలుగులో చెప్తుంటే వినాలి మీరు, స్ప్రింగు ఎంత బిగువుండాలి, బ్లేడు వాలు ఎంతుండాలి, పచ్చిపిక్కకి ఎలా, ఉడికించిన పిక్కకి ఎలా, జీడినూనె అంటి చెయ్యి కాలకుండా పెడల్ ఎక్కడుండాలి, ఒక్క మాట అటూ ఇటూ పోదు. పేటెంట్ కాగితంలో క్లెయిమ్ అంటే అదే, నా వస్తువు హద్దు ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని గీత గియ్యడం. ఆ గీత ఆయన నోట్లో ఉంది. దాన్ని ఇంగ్లీషులో రాసే ఏజెంటు ఆయన ఫీజు ఆయన తీసుకుంటాడు, పిక్క కోసే గదిలో ఎప్పుడూ నిలబడి ఉండడు, మామకి ఆ కాగితం చదివి ఇది తప్పురా అని చెప్పే వీలుండదు. తన ఆవిష్కరణకి తనే ముక్కూమొహం తెలియనివాడైపోతాడు. ఈ దేశంలో మొదటి పేటెంట్ 1856లో కలకత్తాలో, డిపెన్నింగ్ అనే ఇంజినీర్ పంఖా లాగే యంత్రానికి పెట్టింది. అప్పట్నుంచి 160 ఏళ్లు దాటిపోయాయి, భాష విషయంలో తలుపు హిందీ వైపొక్కటే తెరుచుకుంది.

పేటెంట్లు ఎక్కువైతే పేదలకే నష్టం అనేవాళ్లున్నారు, వాళ్ల మాటలో నిజముంది. పైడిభీమవరంలో ఇన్ని మందుల ఫ్యాక్టరీలు నిలబడ్డాయంటే 1970 చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఇవ్వడం పెద్ద కారణం, 2005 దాకా అదే నడిచింది, ఆ నీడలోనే మన కంపెనీలు పెరిగాయి. దాన్ని నేను కాదనను. కానీ అది కేన్సర్ మందు మీద 20 ఏళ్ల గుత్తాధిపత్యం గురించిన గొడవ. నేనడిగేది ఒక లేతు మేస్త్రికి ఆరేళ్లో పదేళ్లో రక్షణ, ఆ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

అలాంటి చిన్న పేటెంట్ కొత్త సంగతేం కాదు, యుటిలిటీ మోడల్ అంటారు. జర్మనీలో 1891 నుంచి ఉంది, జపాన్‌లో 1905 నుంచి. చైనాలోనూ ఉంది, అక్కడా జర్మనీలోనూ గడువు పదేళ్లు. ముందు పెద్ద పరీక్షేమీ లేకుండా రిజిస్టర్ చేసేస్తారు, ఎవరికైనా అభ్యంతరముంటే తర్వాత తేల్చుకుంటారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2011లో దీని మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది. చట్టం మాత్రం ఈ రోజుకీ రాలేదు. ఆలేరు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం, చీర నేతకి ముందు దారం చుట్టేది, తెలుసు కదా, 1999లో తయారైన యంత్రానికి పేటెంట్ చేతికొచ్చేసరికి 2011. తర్వాత ఆయనకి పద్మశ్రీ వచ్చింది, మంచిదే. పన్నెండేళ్లు ఓపిక పట్టగలిగే మేస్త్రీలు ఎంతమందుంటారు?

ఇందులో ఇంకో పెద్ద బాధ ఉంది, మా ఉత్తరాంధ్ర బాధ. బొబ్బిలి వీణకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్, బుడితి ఇత్తడికి జీఐ ట్యాగ్, సభల్లో శాలువాలు, ఫొటోలు. జీఐ కాపాడేది ఊరి పేరుని, తాతలనాటి పనితనాన్ని. ఇవాళ అదే ఊళ్లో ఇరవై ఐదేళ్ల కుర్రాడు కొత్తగా ఒకటి కనిపెడితే దానికి జీఐ పనికిరాదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి శుభ్రం చేస్తారు, ప్రపంచంలో ఏ ఇంజినీర్‌కి తట్టిన ఆలోచన అది? ఎవరో ఒక ఆడమనిషికి ఒకరోజు తట్టిందే, ఆమె పేరు మనకి తెలీదు. మమ్మల్ని చూస్తే చేతులు కనపడతాయి అందరికీ, విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో కాంట్రాక్టర్లకి సిక్కోలు చేతులు, విజయనగరం చేతులు కావాలి. బుర్ర కనపడదు. నెల్లిమర్లలో, రాజాంలో జూట్ మిల్లు నడిపిన ఫిట్టర్లు మగ్గాలకి చేసిన మార్పులన్నీ ఎవరి పేరు మీదా లేకుండా ఆ షెడ్లలోనే ఉండిపోయాయి.

మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సినవి రెండే, ఆ 2011 కాగితం దుమ్ము దులిపి చిన్న పేటెంట్ చట్టం తెమ్మని, రూల్స్‌లో హిందీ పక్కన తెలుగునీ మిగతా భాషల్నీ చేర్చమని. తర్జుమా ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి, చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి ఒక మనిషి పిక్కల సీజన్లో పలాసొచ్చి కూర్చోవాలి. పేటెంట్ అంటే నీ రహస్యం అందరికీ చెప్పు, బదులుగా కొన్నేళ్లు నీ హక్కు నేను కాస్తాను అని ప్రభుత్వం చేసుకునే ఒప్పందం. ఆ ఒప్పందం తనకి లేదని మామకి అర్థమైపోయింది. ఈమధ్య పిక్క పొట్టు తీసేదానికి ఇంకోటేదో కడుతున్నాడు, షాపులోకి ఎవరొచ్చినా దాని మీద గోనెసంచి కప్పేస్తాడు. నేనడిగినా తియ్యలేదు.