టీనీ సిగరెట్‌నీ ఒకే గాటన కట్టకండి

"నువ్వు రోజూ నాలుగు కాఫీలు తాగుతావు, నేను నాలుగు సిగరెట్లు కాలుస్తాను. ఎవరి అలవాటు వాళ్లది" అనే మాట ఈ మధ్య మరీ ఎక్కువగా వినిపిస్తోంది. అనేది చదువుకున్నవాళ్లే. విశాఖలో రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లయితే దానికి కాస్త సైన్సు కూడా జోడిస్తారు: "సిగరెట్‌లోని నికోటిన్ కూడా కాఫీలోని కెఫీన్ లాంటిదే మేడమ్, ప్రమాదమంతా పొగతోనే." నాకు గాజువాకలో మందుల షాపు ఉంది. ఫార్మసీ చదువుకుని, ఏళ్ల తరబడి కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని. ఈ మాట విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజమే కొంప ముంచుతోంది.

ఆ సగం ఎక్కడిదో ముందు చెప్తాను. 2015లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఫర్ పబ్లిక్ హెల్త్ అనే సంస్థ, నికోటిన్ వల్ల ఆరోగ్యానికి జరిగే హాని కెఫీన్ కంటే ఎక్కువేమీ కాదని ప్రకటించింది. ఎవరి కోసం అన్నారు? అప్పటికే పొగకు బానిసలైనవాళ్లు భయపడకుండా నికోటిన్ ఉన్న నమిలే గమ్ములకో, చర్మానికి అంటించే ప్యాచ్‌లకో మారాలని అన్నారు. సిగరెట్‌లో ప్రాణం తీసేది ప్రధానంగా తారు, కార్బన్ మోనాక్సైడ్, పొగలో ఉండే సుమారు 70 రకాల క్యాన్సర్ కారకాలు. అంతవరకూ నిజమే. కానీ టీ కొట్టు దగ్గర నిలబడి ఆ మాట చెప్పే అబ్బాయి చేతిలో ఉన్నది గమ్ కాదు, వెలుగుతున్న సిగరెట్. పొగను వదిలేసి నికోటిన్ ఒక్కదాన్నే పీల్చుకునే ఉపాయం ఆ సిగరెట్‌లో లేదు. పైగా రేపు పొద్దున్న మళ్లీ అదే కొట్టు దగ్గరికి అతన్ని రప్పించేది తారు కాదు, నికోటినే.

రెండూ చురుకు పుట్టించేవే, కాదనను. పుట్టించే తీరు మాత్రం వేరు.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాల్లో, అంటే కణాల మీద తాను అతుక్కునే చోట్లలో, చేరేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, మగత కమ్ముతుంది. కెఫీన్ అణువు ఆకారంలో దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చోట్లలో ముందే దూరిపోతుంది, ఆర్టీసీ బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు. అడినోసిన్ ఎక్కడికీ పోదు, పక్కనే నిలబడి ఉంటుంది. రుమాలు తీయగానే అంతా ఒక్కసారి కూర్చుంటుంది. అందుకే కాఫీ దిగిపోయాక నీరసం అంత గట్టిగా తెలుస్తుంది. కాఫీ శక్తినివ్వదు, అలసటను కాసేపు తెలియనివ్వదు.

కెఫీన్ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడం నా ఉద్దేశం కాదు. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదు గంటల వరకూ పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి టీ తాగి, ఇంటికొచ్చి ఎనిమిదింటికి మంచమెక్కి, నిద్ర పట్టడం లేదని నా దగ్గరికి మాత్రల కోసం వస్తారు. చీటీ లేకుండా ఇవ్వను. ఆ ఆఖరి టీని రాత్రి ఒంటిగంటకు జరుపుకోమంటాను. చాలామందికి అది మాత్ర కంటే బాగా పనిచేస్తుంది.

మోతాదు విషయానికొస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకూ, గర్భిణులకు 200 వరకూ ఫరవాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మన అరకు కాఫీ అరాబికా రకం. రోబస్టాతో పోలిస్తే అందులో కెఫీన్ సుమారు సగమే. ఫిల్టర్ పొడిలో కలిపే చికోరీలో అసలు ఉండదు. ఇంట్లో పొద్దునా సాయంత్రం డికాక్షన్ వేసుకుని తాగేవాళ్లు ఆ హద్దు దాటడం కష్టం. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఫుడ్ సేఫ్టీ నిబంధన, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా ఉండొచ్చు. పరీక్షల రోజుల్లో వరసగా మూడు పట్టించే పిల్లల్ని చూసి భయపడతాను కానీ, వాళ్ల గురించి ఇంకోసారి రాస్తాను.

మానేస్తే ఏమవుతుంది? ఆఖరి కాఫీ తర్వాత పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, చిరాకు, మగత. మహా అయితే తొమ్మిది రోజులు. తర్వాత మనిషి మామూలే. కాఫీ మానలేక ఏడ్చినవాళ్లను నేను చూడలేదు. సిగరెట్ మానలేక నా కౌంటర్ ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న మగాళ్లను చూశాను.

నికోటిన్ దారి వేరు. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో అది మెదడులో ఉంటుంది. అక్కడ హాయి అనిపించేలా చేసే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఎంత త్వరగా అందితే మెదడు అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క సిగరెట్‌కు పది దమ్ములనుకుంటే, ఆ పాఠం పదిసార్లు నూరిపోసినట్టే. సుమారు రెండు గంటల్లో రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. రోజూ కాల్చేకొద్దీ మెదడు నికోటిన్ పట్టుకునే గ్రాహకాల సంఖ్య పెంచుకుంటూ పోతుంది. అవి ఖాళీ అయ్యేసరికి విసుగు, చేతుల్లో అదోరకం అసహనం, పని మీద మనసు నిలవకపోవడం. అప్పుడు ఒకటి వెలిగిస్తారు. హాయిగా అనిపిస్తుంది. "చూశారా, సిగరెట్‌తో టెన్షన్ తగ్గింది" అంటారు. ఆ టెన్షన్ తెచ్చిపెట్టింది రెండు గంటల క్రితం కాల్చిన సిగరెట్టే.

ఇది నా సొంత వాదన కాదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. కాల్చడం కొనసాగించినవాళ్లతో పోలిస్తే, మానేసినవాళ్లలో ఆందోళన, డిప్రెషన్, ఒత్తిడి తగ్గాయని తేలింది. నికోటిన్‌తో ఏకాగ్రత కొంచెం పెరుగుతుందని, కాల్చనివాళ్లలో కూడా కొన్ని పరీక్షల్లో కనిపించింది. అది దాచను. కానీ రోజూ కాల్చే మనిషికి ఆ కొంచెం కూడా మిగలదు. కాల్చని మనిషి ఊరికే ఉండే స్థితికి చేరుకోవడానికే అతనికి సిగరెట్ కావాలి.

మా ఉత్తరాంధ్రలో ఇది కొత్త సంగతి కాదు. భీమిలి పక్కన మా అమ్మమ్మ ఊళ్లో చేపలమ్మే ముసలమ్మలు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, నీటి తుంపర తగలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. "ఆకలి తెలీదే అమ్మా" అనేవారు. వాళ్లకు అది బతకడానికి దొరికిన ఆసరా, నేను తప్పు పట్టను. నోరు తెరిస్తే అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు కనిపించేవి. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, ఈ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో పరిశోధకులు 1971లోనే ప్రచురించారు. అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు, అడ్డపొగ ఉన్నచోట కాదు. కాఫీ సంగతి చూస్తే, దాని వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో తేల్చింది. అదే సమయంలో 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని హెచ్చరించింది. కాబట్టి టీ కాస్త చల్లారనివ్వండి.

ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి వద్దాం. నా అసలు కోపం అక్కడుంది.

మన ఊళ్లో ఈ రెండూ ఒకే బల్ల మీద అమ్ముతారు. స్టవ్ పక్కన బిస్కెట్ సీసాలు, సీసాల పక్కన తెరిచిన సిగరెట్ పెట్టెలు, గుంజకు దారంతో వేలాడే లైటర్. చేతిలో గ్లాసు ఉంటే రెండో చెయ్యి దానంతటదే లైటర్ మీదికి పోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు స్నేహితులతో టీ తాగడానికి వస్తాడు. సిగరెట్ కోసం రాడు. కానీ పెట్టె మొత్తం కొనక్కర్లేదు, ఒక్కటి విడిగా ఇస్తారు, పక్కవాడు రెండు దమ్ములు లాగి ఇస్తాడు. ఒక్కసారి సిగరెట్ రుచి చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది కొంతకాలమైనా రోజూ కాల్చేవాళ్లుగా మారుతున్నారని పలు దేశాల సర్వేలు కలిపి లెక్కగట్టారు. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచీ చట్టం ఉంది. మద్దిలపాలెం నుంచి సిరిపురం దాకా కోచింగ్ సెంటర్ల వీధుల్లో నడిచి చూడండి, ఆ చట్టం ఎక్కడైనా కనిపిస్తుందేమో. టీ అమ్ముకునేవాళ్ల పొట్ట కొట్టమని నేననను. టీ అమ్మేచోట సిగరెట్ వద్దు అంటున్నాను. కనీసం కాలేజీల దగ్గరైనా మున్సిపల్ కార్పొరేషన్ ఈ రెండింటినీ విడదీయాలి.

రెండూ ఒకటే అనుకోవడంలో ఇంకో నష్టం ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మానాలని నిజంగా ప్రయత్నిస్తున్నవాళ్లను అది దెబ్బ తీస్తోంది. మొన్నామధ్య షాపుకొచ్చిన ఒక పెద్దాయన, సిగరెట్ మానేసి వారం కూడా కాలేదు, కౌంటర్ పట్టుకుని నిలబడ్డారు. చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"గుండె దడదడలాడిపోతందమ్మా, నిద్ర పట్టడం నేదు. సిగరెట్టు మానేస్తే ఇలగవుద్దని ఎవులూ సెప్పనేదు. ఒకటి కాల్సేస్తే సర్దుకుంటదేటి?"

"బాబాయ్, రోజుకి టీలెన్ని తాగుతున్నారు?"

"ఎనిమిదో తొమ్మిదో. సిగరెట్టు నేదు గదాని ఇంకో రెండు పెరిగాయి."

సంగతి ఇదీ. కెఫీన్‌ను విరిచేది కాలేయంలోని సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు ఆ ఎంజైమ్‌ను పెంచేస్తాయి. అందుకే కాల్చేవాళ్లకు కాఫీ దాదాపు రెట్టింపు వేగంతో దిగిపోతుంది, ఎన్ని తాగినా ఆనదు. పొగ ఆగితే కొద్ది రోజుల్లోనే ఎంజైమ్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అప్పుడు అవే టీలు ఒంట్లో రెట్టింపుగా పనిచేస్తాయి. దడ, వణుకు, నిద్రలేమి, చిరాకు. మనిషేమో ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ వెలిగిస్తాడు. వెలిగిస్తే కెఫీన్ మళ్లీ త్వరగా దిగుతుంది, నిజంగానే కుదుటపడుతుంది. సిగరెట్ లేకుండా బతకలేనని అతనికి రుజువైపోతుంది. ఎంత అన్యాయం!

ఆ పెద్దాయన్ని టీలు నాలుగుకు తగ్గించమన్నాను, మధ్యాహ్నం రెండు దాటాక వద్దన్నాను. రెండు రోజులకు దడ తగ్గిందని ఫోన్ చేశారు. ఈ ఒక్క ముక్క సిగరెట్ పెట్టె మీద 85 శాతం ఆక్రమించే హెచ్చరికలో ఉండదు. చీటీ రాసే డాక్టర్ చాలాసార్లు చెప్పరు. గమ్ ప్యాకెట్‌లో ఉండే కాగితంలో ఉన్నా, ఆ సన్న అక్షరాలు చదివేవాళ్లెవరు?

కాబట్టి మీ ఇంట్లో నాన్నగారో అన్నయ్యో మానుతున్నట్టయితే, మొదటి రోజు నుంచే వాళ్ల టీ కాఫీలు సగం చేయండి. ఎంజైమ్‌ను పెంచేది పొగే, నికోటిన్ కాదు. అందుకే గమ్ నమిలేవాళ్లకూ ఇదే లెక్క. ఉచిత సలహా కావాలంటే పెట్టె మీద అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట: ఆయాసానికి డెరిఫిలిన్ వేసుకునేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. అందులోని థియోఫిలిన్ కెఫీన్‌కు దగ్గరి చుట్టమే, దాన్ని విరిచేదీ చాలావరకు అదే ఎంజైమ్. సిగరెట్ ఆపగానే ఆ మందు కూడా రక్తంలో పెరుగుతుంది. వాంతులు, గుండె దడ రావొచ్చు, మరీ ఎక్కువైతే ఫిట్స్ కూడా. మానే తేదీ అనుకున్నాక, ఆ తేదీకి ముందే మీ డాక్టర్‌కు చెప్పి మోతాదు సరిచూపించుకోండి.