ఎందుకైనా మంచిదని

కూకట్‌పల్లిలో మేముండే కాలనీకి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చే రోజు తెలుస్తుంది గాని వచ్చే వేళ తెలియదు. అది లైన్‌మన్‌కు, వాల్వు తిప్పే అతని ఇనుప కడ్డీకి మధ్య మాత్రమే ఉన్న రహస్యం. ముందుగా తెలిసినవారు తెలియనివారికి ఆ రహస్యం చెప్పాలన్న మహదాశయంతోనే నాలుగేళ్ల కిందట మా కాలనీ వాట్సాప్ గ్రూపు పుట్టింది. నేడు అందులో 240 మంది సభ్యులున్నారు. 1024 మంది దాకా పడతారు కనుక విజ్ఞాన వ్యాప్తికి ఇంకా చోటున్నదని మా అడ్మిన్ గారు అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటారు.

గడచిన మంగళవారం తెల్లవారి అయిదున్నరకు ఆ విజ్ఞాన భాండాగారం ముందు నేనొక ప్రశ్న ఉంచాను: "ఈ రోజు నీళ్లు వదిలారా అండీ?"

రెండు నిమిషాల్లో మొదటి సమాధానం వచ్చింది. అది మంచు బిందువులతో మెరుస్తున్న ఒక ఎర్ర గులాబీ. ఆ నీటిచుక్కలను మంజీరా రాకకు సంకేతంగా స్వీకరించవచ్చునా అని బొమ్మను పెద్దది చేసి మరీ పరిశీలించాను. ఇంతలో మరో పదకొండు గులాబీలు, ఒక సూర్యోదయం, కావిరంగు అక్షరాల్లో ఒక సూక్తి వరసగా దిగాయి. మూడో అంతస్తు వారి మనవడికి ఆ రోజు పుట్టినరోజని తర్వాత తెలిసింది. ముప్పై ఎనిమిది మంది కేకులు పంపారు. ఆ పిల్లవాడు ఉండేది డల్లాస్‌లో, వయసు రెండేళ్లు, మన గ్రూపులో సభ్యుడు కాడు, అయినా తాతగారు అతని పక్షాన ముప్పై ఎనిమిది మందికీ విడివిడిగా చేతులు జోడించిన బొమ్మలు పంపి రుణం తీర్చుకున్నారు. మధ్యలో ఎక్కడో "నీళ్లు" అన్న మాట కంటబడి నా గుండె ఝల్లుమన్నది. పరగడుపున రాగి చెంబులో నీళ్లు తాగితే నయం కాని రోగం లేదట. చెంబు మా ఇంట్లో ఉన్నది, అందులో పోయవలసిన పదార్థం గురించే నా ప్రశ్న.

ఆరున్నరకు మాస్టారు రంగప్రవేశం చేశారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన నా ప్రశ్న చదివి, ఆలోచించి, నాకు నాలుగు కిడ్నీలు పంపారు.

ఆ కిడ్నీలు పాఠకులకు పరిచయమే. పాపం, ప్రమాదంలో దంపతులిద్దరూ బ్రెయిన్ డెడ్ అయ్యారు. భర్తది బి పాజిటివ్, భార్యది ఓ పాజిటివ్. నాలుగు కిడ్నీలు ఉచితంగా ఇస్తారు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మంచులో పెట్టిన కిడ్నీ ఒక రోజుకు, మహా అయితే ఒకటిన్నర రోజుకు మించి పనికి రాదని వైద్యశాస్త్రం అంటుంది. మా గ్రూపులోని కిడ్నీలు మాత్రం ఏళ్ల తరబడి అంతే తాజాగా ఉన్నాయి. ఈ రాష్ట్రంలో మరణించిన దాతల అవయవాలు కావాలంటే ప్రభుత్వ పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని వరసలో వేచి ఉండాలి. ఫోన్ ఎత్తి "రెండు కట్టి ఉంచండి" అంటే దొరకడానికి అవి మోండా మార్కెట్ వంకాయలు కావు. ఈ సంగతి వినయంగా విన్నవించగా మాస్టారు ఇచ్చిన సమాధానాన్ని నేను ఫ్రేమ్ కట్టించుకోవాలనుకుంటున్నాను: "ఎందుకైనా మంచిదని పంపానయ్యా."

తొమ్మిదికి మా సంపు అడుగు కనబడింది. ట్యాంకరు తెప్పించాము. రాత్రి తీరిగ్గా గ్రూపును వెనక్కి జరుపుతూ పోగా, తొమ్మిదో కేకుకూ పదో కేకుకూ నడుమ, 5.51కి నాలుగో అంతస్తులోని ఒకావిడ పెట్టిన ఒక్క వాక్యం దొరికింది: "వస్తున్నాయి, మోటార్లు వేసుకోండి." సమాధానం వచ్చింది, సరైన వేళకే వచ్చింది. కేకుల కింద పడి చచ్చింది. జలమండలి ఫోన్ నంబరు 155313 కూడా గ్రూపు పేరు కిందనే రాసి ఉన్నదని అప్పుడే గమనించాను. ఆ చోటు ఎవరూ చూడరని తెలిసిన ప్రజ్ఞావంతుడెవరో అక్కడ దాచి ఉంటారు.

"ఎందుకైనా మంచిదని" అన్నది ఎంత గొప్ప మాటో చూడండి. నిజమైతే పంపినవాడికి పుణ్యం, అబద్ధమైతే ఎవరిదీ పాపం కాదు. 2016లో కొత్త రెండు వేల నోటులో చిప్పు ఉన్నదని, పాతిపెట్టినా ఉపగ్రహానికి దొరికిపోతుందని ఇదే మాట మీద ఊరంతా పంచాము. 2023లో రిజర్వు బ్యాంకు ఆ నోట్లను వెనక్కి పిలిచినప్పుడు ఉపగ్రహాన్ని వాడుకోకుండా జనాన్ని బ్యాంకుల ముందు నిలబెట్టడం ఏమిటని మాస్టారు గాని, మరెవరు గాని అడగలేదు. సరే, చిప్పుతో ఎవరికీ ప్రాణం పోలేదు.

2018 మే నెలలో ఈ నగరంలోనే ప్రాణం పోయింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజిని ఎందుకైనా మంచిదని అందరూ అందరికీ పంపుకున్నారు. చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. జూలైలో మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరిని బీదర్ జిల్లాలో అదే అనుమానంతో చంపారు. అతడి పక్షాన ఉన్న సాక్ష్యం ఆ బృందం దారిలో పిల్లలకు పంచిన చాక్లెట్లు, అతడి మీద మోపిన నేరమూ అవే. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి అయిదు చోట్లకు మించి ఫార్వార్డు చేయకుండా కట్టడి పెట్టింది. మనవాళ్లు అయిదేసి చొప్పున ఓపిగ్గా పంపడం నేర్చుకున్నారు.

ఇక్కడ వ్యంగ్యం నాకు చేతకావడం లేదు, క్షమించండి. మూడేళ్ల కిందటి వానాకాలంలో మా వెనక వీధిలో ఒక బాబుకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు కావాలని అతని తల్లి తన నంబరుతో మెసేజి పెట్టింది. దాతలు దొరికారు, రెండు గంటల్లోనే. అదీ ఈ గ్రూపుల వల్లనే, ఆ మాట ఒప్పుకోకపోతే నాకు కళ్లు పోతాయి. బాబు మాత్రం దక్కలేదు. కానీ ఆమె రాసిన వాక్యంలో తేదీ లేదు, "ఈ రోజు సాయంత్రంలోగా" అని మాత్రమే ఉన్నది. సాయంత్రం ప్రతిరోజూ వస్తుంది. దినాలు జరుగుతుండగా ఫోన్లు వచ్చాయి, సంవత్సరీకం నాడూ వచ్చాయి. "బాబుకు ఇంకా కావాలా అమ్మా?" అని అడిగిన ప్రతి అపరిచితుడికీ ఆ తల్లి తన నోటితో చెప్పుకోవలసి వచ్చింది. దానం చేస్తామన్నవారిని ఏమని తిట్టగలదు? పంపేముందు ఒక్కసారి ఆ నంబరుకు ఫోన్ చేసి కనుక్కోవడానికి నీకేమి రోగం, ఫార్వార్డు చేసినవాడా? ప్లేట్‌లెట్లు నిలవ ఉండేది అయిదు రోజులు. నీ పుణ్యకార్యం మూడేళ్లు నిలవ ఉన్నది. చివరకు ఆమె నంబరు మార్చుకున్నది.

నిన్న పొద్దున నీళ్ల సంగతి అడగగా మాస్టారు మళ్లీ స్పందించారు. అదే మెసేజి, అదే బాబు, అదే సాయంత్రం, కింద "ఎందుకైనా మంచిదని". ఈసారి ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రవాడు ఎత్తాడు. ఆరు నెలల కిందట సిమ్ కొన్నాడట, వారానికి నాలుగైదు ఫోన్లు వస్తాయట, మొదట్లో రాంగ్ నంబరని పెట్టేసేవాడట, ఇప్పుడు ఓపిగ్గా వివరం చెబుతున్నాడట. మెసేజి ఆపడానికి నాకు చేతనైనంత చేస్తానని చెప్పి పెట్టేయబోతుంటే ఆపాడు.

"ఒక్కటి అడుగుతనన్నా. గా బాబుకు ఇప్పుడు మంచిగైందా?"